కరిగితే సరస్సు, ఇంకా కరిగితే ఖాళీ: ఆర్కిటిక్ టండ్రా నీళ్ల లెక్క

ఆర్కిటిక్ గురించి వచ్చే వార్తల్లో ఒక తిరకాసు ఉంది. నేల కరిగిపోయి కొత్త సరస్సులు పుడుతున్నాయని, ఉన్నవి పెద్దవవుతున్నాయని ఒక వార్త చెబుతుంది. నెల తిరక్కుండానే ఆర్కిటిక్ సరస్సులు మాయమైపోతున్నాయని ఇంకొకటి వస్తుంది. రెండూ కారణం మాత్రం ఒక్కటే చూపిస్తాయి, భూమి వేడెక్కడం. రెండూ చదివినవాళ్లకి ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారన్న అనుమానం రావడం సహజం. కానీ ఇద్దరూ చెబుతున్నది నిజమే. అదెలాగో తెలియాలంటే సరస్సు కంటే ముందు దాని కింద ఉన్న నేల సంగతి చూడాలి.

ఉదాహరణకి అలాస్కా ఉత్తర కొసను తీసుకుందాం. దక్షిణాన బ్రూక్స్ పర్వతాలు, ఉత్తరాన ఆర్కిటిక్ మహాసముద్రం, ఆ రెంటి మధ్య సముద్రం వైపు మెల్లగా వాలిన నేల. దీన్ని నార్త్ స్లోప్ అంటారు. చెట్టన్నది కనిపించదు, గడ్డీ నాచే. ఇలాంటి చలినేలనే టండ్రా అంటారు. తీరానికి దగ్గరగా ఉన్న మైదానం మీద విమానంలో వెళితే కిందంతా సరస్సులే, వేల సంఖ్యలో. వాటిలో చాలావరకు ఒకే దిక్కుకి సాగి ఉంటాయి. శాస్త్రవేత్తలు డెబ్బై ఏళ్లకు పైగా కొలుస్తూ, వాదించుకుంటూ వస్తున్న చోటు ఇది.

## వాన లేని చోట ఇన్ని నీళ్లెందుకు?

ఈ మైదానం అంచున సముద్రం ఒడ్డునే ఉట్కియాగ్విక్ అనే ఊరుంది. 2016లో పేరు మార్చుకునే దాకా అందరికీ బారోగా తెలిసిన ఊరే. అక్కడి మూలవాసులైన ఇన్యూపియాట్ జాతివాళ్లది. అక్కడ వానా, మంచూ అంతా నీటి లెక్కలోకి మార్చి కలిపినా ఏడాదికి 12 సెంటీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. మన దగ్గర కరువు సీమ అని పేరుపడ్డ అనంతపురంలో కురిసేది 55 సెంటీమీటర్లు. అంకెలు చూస్తే ఉట్కియాగ్విక్ ఎడారి అనాలి. కానీ వేసవిలో ఊరు దాటి నడిస్తే బూట్లు బురదలో దిగబడతాయి.

చలికి నీరు ఆవిరి కావడం తక్కువ, నేల చదునుగా ఉండటం వల్ల పారడం తక్కువ. ఇవి రెండూ నిజమే అయినా అసలు కారణం మూడోది. నీరు కిందికి ఇంకే దారే లేదు.

కనీసం రెండేళ్లపాటు వరుసగా సున్నా డిగ్రీలో, అంతకంటే తక్కువలో ఉండిపోయిన నేలని పర్మాఫ్రాస్ట్ అంటారు. ఈ తీరంలోనే ఉన్న ప్రూడో బే చమురు క్షేత్రాల దగ్గర ఇది 600 మీటర్లకు పైగా లోతుకి దిగి ఉంది. వేసవిలో పైన ఒక పలచని పొర మాత్రమే కరుగుతుంది, చలికాలం రాగానే మళ్లీ గడ్డకడుతుంది. తీర మైదానంలో ఆ పొర మందం చాలాచోట్ల అర మీటరు కూడా ఉండదు. దాన్ని కొలవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పరిశోధకులు అంకెలు గీసిన ఉక్కు చువ్వని నేలలోకి గుచ్చుతారు. నాచులోంచి, తడి మట్టిలోంచి తేలిగ్గా దిగిన చువ్వ ఒకచోట ఠక్కున ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కింద నేలంతా రాయిలా బిగుసుకున్నదే. కురిసిన నీరైనా, కరిగిన నీరైనా ఆ చువ్వ ఆగినచోటికి మించి దిగలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పర్మాఫ్రాస్ట్ అన్నది ఉష్ణోగ్రతని బట్టి పెట్టిన పేరు, అందులో మంచు ఉండి తీరాలని లేదు. చుక్క నీరు లేని బండరాయి కూడా సున్నా కింద ఉంటే పర్మాఫ్రాస్టే. అలాంటి బండ సున్నా దాటి వేడెక్కినా దాని మీద ఏమీ మారదు. సరస్సు పుడుతుందా, చస్తుందా అన్నది నేల ఎంత చల్లగా ఉందన్నదాని కంటే అందులో ఎంత మంచుగడ్డ దాగి ఉందన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. వార్తల్లో ఎక్కువగా జారిపోయే ముక్క ఇదే.

## నేల లోపలి మంచుగడ్డ

చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 30కి, అంతకన్నా కిందికి పడిపోయినప్పుడు నేల ముడుచుకుని పగులుతుంది. పగులు వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే, లోతు మాత్రం మీటర్లలో ఉంటుంది. వసంతంలో పైన మంచు కరిగిన నీరు ఆ పగుల్లోకి దిగుతుంది. కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి ఆ నీరు అక్కడే గడ్డకడుతుంది. మరుసటి చలికాలంలో నేల మళ్లీ పగిలేటప్పుడు, చుట్టూ ఉన్న మట్టికన్నా బలహీనమైన ఆ మంచు గీత మీదే పగులుతుంది. మళ్లీ నీరు దిగుతుంది. ఇలా వందల, వేల ఏళ్లు సాగితే పైన మీటర్ల వెడల్పుతో మొదలై కిందికి పోనుపోను సన్నబడే మంచుదిమ్మ తయారవుతుంది. దీన్ని ఐస్ వెడ్జ్ అంటారు, మనం మంచు చీల అందాం. 1906 నుంచి 1914 మధ్య చాలా ఏళ్లు ఈ తీరంలోనే గడిపిన ఎర్నెస్ట్ లెఫింగ్‌వెల్ సముద్రపు కోతకి గురైన ఒడ్డుల్లో వీటిని దగ్గరగా చూసి ఈ వివరణ ఇచ్చాడు. 1915లో అచ్చయిన ఆ వివరణ నేటికీ నిలబడింది.

పగుళ్లు ఒకదాన్నొకటి కలుస్తూ పోతాయి కాబట్టి పైనుంచి చూస్తే టండ్రా నేల పదీ ఇరవై మీటర్ల పలకలుగా విడిపోయి కనిపిస్తుంది. మంచు చీల పెరిగేకొద్దీ పక్కనున్న మట్టిని తోస్తుంది, అంచుల్లో చిన్న గట్లు లేస్తాయి. గట్ల మధ్య పలకలో నీరు నిలుస్తుంది.

ఇప్పుడు కుంగడం లెక్క. ఒక మీటరు మందం నేలలో 30 శాతం అదనపు మంచు ఉందనుకుందాం. అదనపు మంచు అంటే మట్టి రేణువుల మధ్య సందుల్లో పట్టగలిగినదానికి మించి ఉన్నది. అది కరిగి ఆ నీరు బయటికి పోతే మిగిలేది 70 సెంటీమీటర్ల మట్టే, అంటే నేల 30 సెంటీమీటర్లు కుంగుతుంది. మంచు కేవలం సందుల్లోనే ఉన్న ఇసుకనేల అయితే ఎంత కరిగినా కుంగడం దాదాపు ఉండదు. రెండూ ఒకే వాతావరణంలో ఉన్నా ఒకచోట గుంత పడుతుంది, ఇంకోచోట పడదు. మంచు కరిగి నేల ఇలా గుంతలు గుంతలుగా కుంగిపోవడాన్ని థర్మోకార్స్ట్ అంటారు.

## గుంత సరస్సు అయ్యే తీరు

మొదట దెబ్బ తగలడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పైనున్న నాచు, పీటు (సగం కుళ్లి పేరుకున్న మొక్కల మట్టి) పొర నేలని ఎండ నుంచి కాపాడుతూ ఉంటుంది. బాగా వేడెక్కిన వేసవి, కార్చిచ్చు, చివరికి ఒక బండి చక్రం నడిచినా ఆ పొర చెడిపోతుంది. 1940లలో అమెరికా నౌకాదళం ఇక్కడ చమురు వెతికేందుకు నడిపిన ట్రాక్టర్ల జాడలు దశాబ్దాల తర్వాత కూడా నీటి చారలుగా కనిపిస్తూనే ఉన్నాయి.

చిన్న గుంతలో నీరు నిలిచిందంటే మిగతా పని ఆ నీరే చేసుకుంటుంది. గడ్డి, నాచు కన్నా నల్లటి నీరు ఎండని ఎక్కువ పీల్చుకుంటుంది. చలికాలంలో గుంతలో పోగయ్యే మంచు దుప్పటిలా కప్పి, కింద నేల పూర్తిగా చల్లబడకుండా చేస్తుంది. వేసవిలో అలలు ఒడ్డుని కొడతాయి, ఒడ్డులోని మంచు చీల కరిగి మట్టి ముక్క జారి నీళ్లలో పడుతుంది. అయితే ఇదంతా రాత్రికి రాత్రి జరిగే పని కాదు. కిలో మంచుగడ్డ కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి, అదే వేడితో కిలో నీటిని దాదాపు 80 డిగ్రీలు వేడి చేయొచ్చు. అందుకే మంచు ఎక్కువున్న నేల చాలాకాలం మొండికేస్తుంది. వెచ్చదనం పెరిగిన ఏళ్లకీ సరస్సు కనపడే కాలానికీ మధ్య ఎడం ఉండటానికి ఒక కారణం ఇది.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది లోతు. అక్కడ సరస్సుల మీద చలికాలపు మంచుగడ్డ మామూలుగా మీటరున్నర నుంచి రెండు మీటర్ల మందం కడుతుంది. సరస్సు లోతు 1.6 మీటర్లు అనుకోండి. ఆ ఏడాది మంచు 1.8 మీటర్లు కట్టగలిగితే సరస్సు అడుగుదాకా గడ్డకట్టేస్తుంది. చలి నేరుగా అడుగు మట్టిలోకి దిగుతుంది, కింద పర్మాఫ్రాస్ట్ భద్రంగా ఉంటుంది. అదే మంచు 1.4 మీటర్ల దగ్గర ఆగిపోతే అడుగున 20 సెంటీమీటర్ల నీరు మిగిలిపోతుంది. నీరు ఉందంటే అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరే ఉందని అర్థం. బయట మైనస్ 40 ఉన్నా ఆ అడుగు మట్టికి దాని దెబ్బ తగలదు. ఏటా ఇలాగే జరిగితే సరస్సు కింద నేల కరుగుతూ లోతుకి పోతుంది. అలా కరిగిన భాగాన్ని తాలిక్ అంటారు. చూడండి, 40 సెంటీమీటర్ల మంచు తేడా సరస్సుని ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చేసింది.

ఈ తేడాని అంతరిక్షం నుంచి పట్టుకోవచ్చు. ఉపగ్రహ రాడార్ చిత్రాల్లో, కింద నీరు మిగిలిన సరస్సు తెల్లగా మెరుస్తుంది, అడుగుదాకా గడ్డకట్టింది నల్లగా కనిపిస్తుంది. ఉట్కియాగ్విక్ పరిసరాల సరస్సులని 1991 నుంచి 2011 దాకా ఇలా చూసిన పరిశోధకులు, ఏప్రిల్ నెలలో అడుగుదాకా గడ్డకట్టిన భాగం 22 శాతం తగ్గిందని తేల్చారు. చలికాలాలు వెచ్చబడటం ఒక్కటే కాదు, మంచు ఎక్కువ కురిసి దుప్పటిలా కప్పినా సరస్సు మీద గడ్డ పలచబడుతుంది.

దీనివల్ల అందరికీ నష్టమే అనలేం. అడుగున నీరు మిగిలితే చేపలు చలికాలం గట్టెక్కుతాయి. చమురు కంపెనీలు చలికాలంలో టండ్రా మీద మంచు రోడ్లు వేసేది కూడా ఇలాంటి సరస్సుల నీటితోనే. చేపలున్న సరస్సు నుంచి ఎంత తోడవచ్చో నిబంధనలున్నాయి.

## అన్నీ ఒకే దిక్కుకి ఎందుకు సాగాయి?

ఈ సరస్సుల పొడుగు ఉత్తరం నుంచి కాస్త పడమటికి వాలి ఉంటుంది. అక్కడ గాలి ఎక్కువగా వీచేది తూర్పు, ఈశాన్యాల మధ్య నుంచి. అంటే సరస్సులు గాలికి అడ్డంగా సాగాయి. మామూలుగా ఆలోచిస్తే గాలి వీచే వైపే సాగాలి కదా?

ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. గాలి అలలని ఎదుటి ఒడ్డుకి తోస్తుంది, అక్కడ మట్టి మేట వేసి లోతు తగ్గి ఒడ్డుకి రక్షణగా నిలుస్తుంది. అటు చేరిన నీరు రెండు పక్కలా, అంటే ఉత్తర దక్షిణ కొసల వైపు మళ్లుతుంది. ఆ ప్రవాహాలు కొసలని కోస్తాయి. 1950, 60 దశకాల్లో క్షేత్ర కొలతలతో వచ్చిన వాదన ఇది. 2005లో జాన్ పెల్లెటియర్ అనే శాస్త్రవేత్త వేరే మాట చెప్పాడు. గాలి అక్కర్లేదు, నేల వాలు చాలు అన్నాడు. ఒడ్డు ఎత్తు తక్కువున్న వైపు కరిగిన మట్టి త్వరగా జారిపోతుంది కాబట్టి సరస్సు వాలు వెంట సాగుతుందని ఆయన నమూనా. అది చక్కగా అల్లిన ఆలోచనే. కానీ మైదానంలో చాలాచోట్ల వాలు దిశ ఒకటైతే సరస్సు దిశ ఇంకొకటి, గాలితో మాత్రం చాలావరకు పొసుగుతుంది. అందుకే ఇప్పటికీ మొగ్గు గాలి వైపే ఉంది.

## గండి పడేది మంచుగట్టుకే

ఇక చావు సంగతి. సరస్సుని నిలబెట్టేది చుట్టూ ఉన్న గడ్డకట్టిన నేల. మన చెరువుకి మట్టిగట్టు ఎలాగో దానికి ఆ మంచుగట్టు అలాగ. మంచు చీలలన్నీ ఆ గట్టులోంచే పోతున్నాయి. వసంతంలో నీటిమట్టం పెరిగి ఒక చీల మీదుగా పొర్లిందంటే పారే నీరు ఆ మంచుని కరిగిస్తుంది. గాడి లోతవుతుంది, నీరు ఇంకా జోరుగా పారుతుంది, గాడి ఇంకా లోతవుతుంది. శతాబ్దాల వయసున్న సరస్సు గంటల్లో, రోజుల్లో ఖాళీ అయిపోతుంది. పక్క నుంచి వాగు కోసుకుంటూ వచ్చినా, సముద్రం ఒడ్డుని తినేస్తూ వచ్చినా జరిగేది ఇదే.

దీన్ని కావాలని చేసి చూసిన మనిషి ఒకడున్నాడు. కెనడా పశ్చిమ ఆర్కిటిక్ తీరంలో రిచర్డ్స్ దీవి మీద రాస్ మెకై అనే శాస్త్రవేత్త 1978 ఆగస్టులో ఒక సరస్సుకి కాలువ తవ్వించి నీళ్లు వదిలేశాడు. ఆ చోటుకి ఇల్లిసార్విక్ అని పేరు. సరస్సు కింద 30 మీటర్ల దాకా కరిగి ఉన్న తాలిక్ మళ్లీ ఎలా గడ్డకడుతుందో మొదటి రోజు నుంచీ కొలవాలన్నది ఆయన పట్టుదల. నీళ్లు పోయిన మొదటి చలికాలంలోనే అడుగు మట్టి పగలడం మొదలైంది, పగుళ్లలో కొత్త మంచు చేరింది. అంటే ఇందాక చెప్పుకున్న చీలల కథ మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలైంది.

మనుషులు కోరకుండా జరిగితే అది వేరే కథ. అలాస్కా వాయవ్య తీరంలో పాయింట్ లే అనే చిన్న ఇన్యూపియాట్ ఊరికి తాగునీరిచ్చే సరస్సు 2016లో ఇలాగే గండిపడి నదిలోకి పోయింది. ఊరివాళ్లు వేరే చోట నీరు వెతుక్కోవాల్సి వచ్చింది. వాయవ్య అలాస్కాలోనే 2017-18 చలికాలం మామూలు కన్నా బాగా వెచ్చగా, మంచు ఎక్కువగా ఉంది. ఆ తర్వాత అక్కడ 190కి పైగా సరస్సులు పూర్తిగానో కొంతగానో ఖాళీ అయినట్టు ఉపగ్రహ చిత్రాల్లో తేలింది. ఇది మామూలు ఏడాది లెక్కకి సుమారు పది రెట్లు.

## చక్రం తిరుగుతుందా, ఆగిపోతుందా?

నీరు పోయిన అడుగులో గడ్డి మొలుస్తుంది, పీటు పేరుకుంటుంది, నేల గడ్డకడుతుంది, మంచు చీలలు పెరుగుతాయి. చివరికి ఆ చీలలు కరిగి మళ్లీ సరస్సు పుడుతుంది. దీన్ని థా లేక్ చక్రం, అంటే కరుగు సరస్సుల చక్రం అంటారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో అలాస్కాలో పనిచేసినవాళ్లు తయారుచేసిన ఈ బొమ్మ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేసింది. నమ్మడానికి ఆధారమూ ఉంది. ఉట్కియాగ్విక్ చుట్టూ నేలలో సుమారు సగం పాత సరస్సుల అడుగులే, ఒకదాని మీదుగా ఒకటి.

2007లో టొర్రె జోర్గెన్సన్, యూరీ షుర్ అనే పరిశోధకులు ఈ బొమ్మని గట్టిగానే ప్రశ్నించారు. వాళ్ల వాదన సారాంశం ఇది. మైదానంలో ఇసుక ఎక్కువున్న చోట అదనపు మంచు తక్కువ, అంత లోతు సరస్సుని కుంగుబాటు పుట్టించలేదు. కాబట్టి అక్కడి సరస్సుల్లో చాలావాటికి అసలు గుంత ముందే ఉంది, నీరు నిండింది అంతే. పైగా ఖాళీ అయిన అడుగులో మళ్లీ చేరే మంచు, పెద్ద సరస్సుని రెండోసారి పుట్టించేంత ఉండటం లేదు. అంటే చక్రం పూర్తి చుట్టు తిరగకపోవచ్చు.

ఇందులో ఏ పక్షం ఓడిపోయిందని చెప్పడం తొందరపాటే. మంచు నిండిన ఒండ్రునేలలో చక్రం పనిచేస్తుంది, ఇసుకనేలలో పనిచేయదు అన్నది నాకు సబబుగా కనిపించే సర్దుబాటు. చిక్కల్లా ఎక్కడో ఒకచోట పనిచేసిన బొమ్మని ఆర్కిటిక్ మొత్తానికి అతికించడం దగ్గరే వచ్చింది.

## మరి లెక్కల్లో ఏం తేలింది?

మొదట్లో చెప్పుకున్న రెండు వార్తల దగ్గరికి ఇప్పుడు వద్దాం. పశ్చిమ సైబీరియాలో 40 హెక్టార్లకు మించిన సరస్సులని 1973 నాటి ఉపగ్రహ చిత్రాల్లో లెక్కపెడితే 10,882 వచ్చాయి. 1997-98కి వాటిలో 11 శాతం ఆ జాబితాలోంచి పోయాయి. 2005లో లారెన్స్ స్మిత్ బృందం ప్రచురించిన ఈ లెక్క మీద పెద్ద శీర్షికలు వచ్చాయి. కానీ అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. పర్మాఫ్రాస్ట్ ఎడతెగకుండా పరుచుకున్న ఉత్తరాన సరస్సుల విస్తీర్ణం 12 శాతం పెరిగింది. తగ్గింది దక్షిణాన, పర్మాఫ్రాస్ట్ తెంపులు తెంపులుగా ఉన్న చోట.

కారణం ఊహించడం ఇప్పుడు కష్టం కాదు. మందంగా, ఎడతెగకుండా ఉన్నచోట కరుగుడు పైపైనే జరుగుతుంది. గుంత పడుతుంది, నీరు ఇంకే దారి లేదు, సరస్సు పెరుగుతుంది. పలచగా ఉన్నచోట తాలిక్ కిందికి దిగుతూ పర్మాఫ్రాస్ట్‌ని అడుగుదాకా తొలిచేస్తుంది, నీరు భూగర్భంలోకి జారుకుంటుంది.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో బొమ్మ కొంచెం మారింది. సరస్సులు ఎక్కువున్న ఉత్తర ప్రాంతాలని 2000 నుంచి 2021 దాకా చూసిన ఎలిజబెత్ వెబ్ బృందం, 2022లో మొత్తం మీద నీటి విస్తీర్ణం తగ్గుతోందని చెప్పింది. గట్లకి గండ్లు పడటం అనుకున్నదానికన్నా ముందే జోరందుకుందన్నమాట. వేసవి వేడితో పాటు ఆకురాలు కాలంలో పెరుగుతున్న వానలకి కూడా ఇందులో పాత్ర ఉందని వాళ్ల అంచనా. వాన ఎక్కువై సరస్సు తగ్గడమేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. వాన నీరు నేలలోకి వేడిని మోసుకెళుతుంది.

చిన్న స్థాయిలోనూ ఇదే వరస. 2016లో అన్నా లిల్యెడాల్ బృందం చూపించినదాని ప్రకారం, మంచు చీలలు కరగడం మొదలైనప్పుడు పలకల మధ్య గాళ్లలో నీరు నిలిచి టండ్రా ఇంకాస్త తడిసినట్టు కనిపిస్తుంది. గాళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాక అవే మురుగు కాలువల్లా పనిచేసి ఆ ప్రాంతాన్ని ఆరబెట్టేస్తాయి. మొదటి దశలో ఫోటో తీసినవాడికి తడి, రెండో దశలో తీసినవాడికి పొడి కనిపిస్తాయి. ఉపగ్రహం ఎంత చిన్న నీటిమడుగుని చూడగలదు, చిత్రం జూన్‌లో తీసిందా ఆగస్టులో తీసిందా, మొదటి ఏడాది కరువుదా కాదా అన్నవి కూడా అంకెని అటూ ఇటూ జరుపుతాయి.

## నదులు: రెండు వారాల పరుగు

ఈ మైదానంలో నదులకి ఏడాదిలో ఎక్కువ నెలలు ఊపిరే ఉండదు. నార్త్ స్లోప్‌లో పెద్దది కోల్విల్, సుమారు 560 కిలోమీటర్ల పొడవు. చిన్న నదులు చలికాలంలో దాదాపు పూర్తిగా ఆగిపోతాయి. మే చివర్లో, జూన్ మొదట్లో మంచు కరగ్గానే ఒక్కసారి విరుచుకుపడతాయి.

ఎంత జోరో లెక్క వేసి చూద్దాం. 100 చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉన్న ఒక వాగు అనుకోండి. దాని మీద చలికాలమంతా పేరుకున్న మంచులో 12 సెంటీమీటర్ల నీరుందనుకుందాం. మొత్తం కోటీ 20 లక్షల ఘనమీటర్లు. కింద నేల గడ్డకట్టి ఉంది కాబట్టి ఇంకేది బహుతక్కువ. అదంతా పది రోజుల్లో వాగులోకి వస్తే సగటున సెకనుకి 14 ఘనమీటర్ల ప్రవాహం. అదే నీరు ఏడాది పొడుగునా సమంగా పారితే సెకనుకి 0.4 ఘనమీటర్లు కూడా ఉండదు.

ఇంకో చిక్కు, ఇవి ఉత్తరానికి పారే నదులు. ఎగువన దక్షిణంలో మంచు ముందు కరుగుతుంది, దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. వచ్చే నీటికి దారి దొరకదు. 2015 వసంతంలో సాగవనిర్క్‌టాక్ నది మీద పొరలు పొరలుగా పేరుకున్న మంచుగడ్డ నీటిని పక్కకి మళ్లించి, చమురు క్షేత్రాలకి వెళ్లే డాల్టన్ హైవేని ముంచేసింది. రోడ్డు వారాల తరబడి మూతపడింది. సముద్రం దాకా చేరిన వరద కూడా ఇంకా కరగని సముద్రపు మంచు మీదికెక్కి కిలోమీటర్ల దూరం పారుతుంది. ఆ మంచులో రంధ్రం దొరికితే సుడి తిరుగుతూ కిందికి దూకి సముద్రపు అడుగుని తవ్వేస్తుంది. సముద్రం అడుగున పైపులైన్లు వేసే ఇంజనీర్లకి ఇదో టెన్షన్.

చిన్న వాగుల్లో మంచు చీలల ముద్ర నేరుగా కనిపిస్తుంది. చీలలు కలుసుకునే కూడళ్లలో మంచు ఎక్కువ కాబట్టి అక్కడ లోతైన మడుగులు పడతాయి. మడుగుకీ మడుగుకీ మధ్య వాగు సన్నని కాలువలా చీల గాడిలో నడుస్తుంది. గ్రేలింగ్ చేపలు వేసవిలో ఈ మడుగుల్లో తిండి వెతుక్కుంటాయి. చలికాలానికి లోతైన నీళ్లున్న సరస్సుకో నదికో చేరాలి. వాగు, మడుగు, సరస్సు కలిసి ఉంటేనే వాటి బతుకు సాగుతుంది. ఒక సరస్సు ఖాళీ అయితే దాని మీద ఆధారపడ్డ వాగు కూడా దెబ్బతింటుంది. కోల్విల్ డెల్టాలో నూయిక్సుట్ ఊరివాళ్లు శీతకాలం మొదట్లో గడ్డకట్టిన నదికి రంధ్రాలు చేసి, మంచు కింద వల దించి సిస్కో చేపలు పడతారు. అందుకే నీటిలో ఏ మార్పు వచ్చినా ముందుగా వాళ్ల వలలో తెలుస్తుంది.

ఎగువన బ్రూక్స్ పర్వతాల్లో మరో మార్పు మొదలైంది. తేటగా ఉండే వాగులు తుప్పు రంగుకి తిరుగుతున్నాయి. అలాంటివి 75 వాగులని 2024లో ప్రచురితమైన పరిశోధన నమోదు చేసింది. కరిగిన నేలలోకి నీరు, గాలి చేరి, అందులోని గంధకం ఉన్న ఇనుప ఖనిజాలతో కలిసి ఆమ్లాన్ని, ఇనుముని వదులుతున్నాయన్నది వివరణ. దగ్గర్లో గనులేమీ లేని చోట గని మురుగు లాంటి నీరు పారుతోందన్నమాట.

## బుడగల్లోని కార్బన్

ఉత్తరాది పర్మాఫ్రాస్ట్ నేలల్లో 1,400 నుంచి 1,600 బిలియన్ టన్నుల కార్బన్ ఉందని అంచనా. గాలిలో ఉన్నదానికి ఇది దాదాపు రెట్టింపు. సరస్సు కింద తాలిక్‌లో గాలి ఆడదు, అలాంటి చోట సూక్ష్మజీవులు పాత మొక్కల అవశేషాలని కుళ్లబెడితే మీథేన్ పుడుతుంది. చలికాలం మొదట్లో అద్దంలాంటి మంచు మీద నిలబడి కిందికి చూస్తే, పైకి రాలేక ఇరుక్కుపోయిన తెల్లని బుడగలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. గునపంతో పొడిచి అగ్గిపుల్ల గీస్తే మంట లేస్తుంది. కేటీ వాల్టర్ ఆంథనీ అనే శాస్త్రవేత్త సైబీరియా సరస్సుల్లో ఈ బుడగలని కొలిచి 2006లో ప్రచురించాక, అంతకుముందు వేసుకున్న అంచనాలు తక్కువని తేలింది.

ఆమే 2014లో ఇంకో కోణం చూపించింది. మంచుయుగం ముగిశాక ఇలాంటి సరస్సులు మొదట్లో వాతావరణాన్ని వేడెక్కించినా, సుమారు 5,000 ఏళ్ల కిందటి నుంచి మొత్తం మీద కార్బన్‌ని దాచుకునే వైపు మళ్లాయి. అడుగున చేరిన నాచు, ఖాళీ అయిన సరస్సుల్లో పేరుకున్న పీటు అందుకు కారణం. ఈ మాట పట్టుకుని "అయితే సరస్సులు మేలే చేస్తాయి" అనేవాళ్లున్నారు. రెండు అంశాలు ఆ నిర్ధారణకి అడ్డొస్తాయి. మీథేన్ వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది, అది వెలువడేది సరస్సు పుట్టిన తొలి దశాబ్దాల్లో, శతాబ్దాల్లో. పీటు పేరుకుని ఆ బాకీ తీర్చడానికి పట్టేది వేల ఏళ్లు. ఇక రెండోది, సరస్సు ఖాళీ అవగానే మీథేన్ బాగా తగ్గినా ఆరిన మట్టి నుంచి కార్బన్ డయాక్సైడ్ రావడం మొదలవుతుంది. ఎంతకాలం వస్తుందన్నది ఆ అడుగు తడిగా ఉండి పీటు పెరుగుతుందా, పొడిబారి కుళ్లుతుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇల్లిసార్విక్‌లో మెకై చూసినట్టు ఖాళీ అయిన అడుగు మళ్లీ గడ్డకట్టాలంటే చలికాలాలు తగినంత చల్లగా ఉండాలి. ప్రస్తుత కార్బన్ నమూనాల్లో తేడాలు ఎక్కువగా వస్తున్న చోట్లలో ఇదొకటి.